తొమ్మిది పడ్డాక వచ్చినవాడు

2023 జనవరి 31. ఇండోర్ హోల్కర్ స్టేడియం. రంజీ క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ మీద ఆంధ్ర బ్యాటింగ్. కెప్టెన్ హనుమ విహారి 16 మీద ఉన్నాడు. అవేశ్ ఖాన్ విసిరిన బౌన్సర్ వచ్చి ఎడమ మణికట్టును కొట్టింది. ఇక బ్యాటు పట్టుకునే వీల్లేక మైదానం వదిలాడు. ఎముక విరిగిందని పరీక్షలో తేలింది. స్కోరు పుస్తకంలో అతని పేరు పక్కన ‘రిటైర్డ్ హర్ట్’ అని రాశారు.

సంక్రాంతి టోర్నమెంట్లు ఆడే శావల్యాపురం కుర్రాళ్లకు ఈ మాట దగ్గర లేచే తగాదా తెలిసిందే. “బయటికెళ్లినోడు మళ్లీ ఎట్టా దిగుతాడు?” అని అవతలి జట్టు పట్టుబడుతుంది. దిగొచ్చు. దెబ్బ తగిలో, ఒంట్లో బాగోకో వెళ్లినవాడు అవుట్ కాదంటుంది క్రికెట్ చట్టం. ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఒక వికెట్ పడేదాకానో, ఇంకొకరు రిటైరయ్యేదాకానో ఆగితే చాలు. అలాంటి కారణమేదీ లేకుండా వెళ్లినవాడికే చిక్కు. అవతలి కెప్టెన్ ఒప్పుకోకపోతే అతను రిటైర్డ్ అవుట్. 2025 ఏప్రిల్‌లో లక్నోలో మన హైదరాబాదీ తిలక్ వర్మను ముంబై ఇండియన్స్ వెనక్కి పిలిచింది ఈ లెక్కలోనే. 23 బంతుల్లో 25 కొట్టాడు, వేగం చాల్లేదన్నారు. ఆ వెళ్లడాన్నీ, విహారి వెళ్లడాన్నీ ఒకే గాటన కడితే నా మనసు ఒప్పుకోదు.

ఇండోర్‌లో మర్నాడు. రికీ భుయ్, కరణ్ షిండేల సెంచరీలతో ఆంధ్ర నిలదొక్కుకుంది. 353 దగ్గర తొమ్మిదో వికెట్ పడింది. అప్పుడొచ్చాడు విహారి. ఎప్పుడూ కుడిచేతివాటంగా ఆడేవాడు ఆరోజు ఎడమచేతివాటంగా నిలబడ్డాడు. కుడిచేతివాటంగా నిలబడితే ఎడమ చెయ్యే బంతికి ఎదురుగా ఉంటుంది. ఇటు తిరిగితే కుడి చెయ్యి ముందుకొచ్చి, విరిగింది వెనక్కి పోతుంది. అలా ఒంటిచేత్తో అడ్డుకుంటూ, వీలైనప్పుడు కొడుతూ 57 బంతుల్లో 27 దాకా వెళ్లాడు. చివరి వికెట్‌కు 26 పరుగులొచ్చాయి. ఆంధ్ర 379.

మధ్యప్రదేశ్ 228కే ఆలౌటైంది. 151 ఆధిక్యం చేతిలో ఉండగా రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 93కే కుప్పకూలారు. అప్పుడూ విహారి అలాగే ఒంటిచేత్తో దిగి 16 బంతుల్లో 15 కొట్టాడు. 245 లక్ష్యాన్ని మధ్యప్రదేశ్ 5 వికెట్లు మిగిలుండగానే ఛేదించింది. సెమీఫైనల్‌కు వాళ్లు వెళ్లారు.