వాహన యజమాని ఫిర్యాదు నుంచి రీకాల్ చట్టం వరకు

మచిలీపట్నం నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్లే రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాగుల చవితికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనానికి కుటుంబమంతా బయలుదేరిన ఎస్‌యూవీ ఆ దారిలో ఇంజిన్ ఆగి నిలిచిపోయిందనుకోండి. ముందురోజు వాన పడింది. రోడ్డు మీద అక్కడక్కడా నీళ్లున్నాయి. సర్వీస్ సెంటర్ వారు "ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు" అంటారు. యజమాని "తయారీలోనే లోపం ఉంది" అంటాడు. ఇందులో నిజం తేల్చవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు గత అరవై ఏళ్లలో సమాధానం ఎలా మారుతూ వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఫిర్యాదుకూ రీకాల్‌కూ గల తేడాను గుర్తుంచుకోండి. ఫిర్యాదు ఒక యజమాని తన ఒక్క బండి గురించి చేసేది. రీకాల్ అంటే ఒకే లోపం ఉన్న బండ్లన్నింటినీ తయారీదారు వెనక్కి పిలిపించి, తన ఖర్చుతో సరిచేయడం. విడివిడిగా ఉన్న ఫిర్యాదులను ఎవరో ఒకరు కలిపి లెక్కపెడితే తప్ప మొదటిది రెండోదిగా మారదు. అసలు చరిత్ర అంతా ఈ లెక్క ఎవరు పెట్టాలన్న దాని చుట్టూనే తిరిగింది.

అమెరికాలో రాల్ఫ్ నాడర్ 1965లో కార్ల భద్రతపై రాసిన పుస్తకం పెద్ద చర్చ లేపింది. మరుసటి ఏడాదే అక్కడ వాహన భద్రతా చట్టం వచ్చింది. అయితే మొదట్లో తయారీదారు లోపాన్ని యజమానికి తెలియజేస్తే సరిపోయేది. ఉచితంగా బాగుచేసి ఇవ్వాలన్న నిబంధన 1974 సవరణతో చేరింది.

మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సామాన్యుడికి ఒక తలుపు తెరిచింది. కృష్ణా జిల్లా వారికి మచిలీపట్నంలోనే జిల్లా ఫోరం ఏర్పడింది. కానీ ఎవరి కేసు వారిదే. లోపాన్ని నిరూపించే భారం కూడా చాలావరకు యజమాని మీదే పడేది. గుడివాడలోని ఒక చిరువ్యాపారి ఇంజిన్ నిపుణుడి నివేదిక ఎక్కడి నుంచి తెస్తాడు? పైగా ఒక మారుతీ కారు కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చితే చాలునని, కారునే మార్చి ఇవ్వమనడం తగదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు న్యాయమైనదే కావచ్చు. అదే లోపం మరో పదివేల బండ్లలో ఉందా అన్న ప్రశ్న మాత్రం అలాంటి కేసుల్లో తలెత్తదు.

తయారీదారుల సంఘం 2012 జూలైలో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని అమలులోకి తెచ్చింది. స్వచ్ఛందం అన్న మాటను గమనించండి. ఏడాది తర్వాత, 2013 జూలైలో, జనరల్ మోటార్స్ సుమారు 1,14,000 షెవ్రోలె తవేరా వాహనాలను వెనక్కి పిలిచింది. పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ అద్దెకు తిరిగిన ఆ బండిని మీ పెద్దలు ఎరుగుదురు. తనిఖీకి పెట్టే వాహనాల్లో తక్కువ పొగ వదిలే ఇంజిన్లను ఏరి బిగించారని కంపెనీయే ప్రభుత్వానికి తెలిపింది. అది భద్రతా లోపం కాదు, కాలుష్యానికి సంబంధించినది. అయినా తయారీదారు మాట ఒక్కటే ఆధారంగా ఉంటే ఏమవుతుందో దేశానికి తెలిసివచ్చిన సందర్భాల్లో, నా దృష్టిలో, ఇదే ముఖ్యమైనది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 110ఎ సెక్షన్‌ను చేర్చింది. పర్యావరణానికి గానీ, బండిలో ఉన్నవారికి గానీ, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు గానీ హాని కలిగించే లోపముంటే రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమాల ప్రకారం ఏడేళ్లలోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది. ఎన్ని ఫిర్యాదులు రావాలన్నది ఆ మోడల్ అమ్మకాలను బట్టి ఉంటుంది. నిర్బంధ రీకాల్‌లో జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు ఉండవచ్చు. తయారీదారు తానే లోపాన్ని గుర్తించి వెనక్కి పిలిస్తే జరిమానా లేదు. ఫిర్యాదులను కలిపి లెక్కపెట్టే పని చివరికి ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరులోనే మారుతీ సుజుకీ 1,81,754 పెట్రోలు వాహనాలను వెనక్కి పిలిచింది. వాటిలో విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎర్టిగా ఉన్నాయి. ఇంజిన్‌కు అనుబంధంగా పనిచేసే మోటార్ జనరేటర్ యూనిట్‌ను పరీక్షించి, అవసరమైతే మార్చాలన్నది ఉద్దేశం. భాగాలు మార్చడం నవంబరు మొదటి వారం నుంచి మొదలవుతుందనీ, అంతవరకు నీళ్లు నిలిచిన చోట బండి నడపవద్దనీ యజమానులను కోరింది. దివిసీమ వాసి ఈ సూచనను ఎలా పాటించాలి? సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మురుగు కాలువ పొంగని ఊరు, నీరు నిలవని డొంక ఇక్కడ ఎన్ని? దేశమంతటికీ ఒకటే సూచన పంపినప్పుడు డెల్టాలో దాని బరువు వేరుగా ఉంటుంది.

మొదట చెప్పిన వాదం ఇక్కడే చిక్కుపడుతుంది. గాలి పీల్చే గొట్టం దాకా నీరు వచ్చి సిలిండర్‌లోకి చేరితే, గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే నష్టం పెరుగుతుంది. ఇది వరద నష్టమే. రీకాల్ పరిధిలోకి రాదు, ఇంజిన్ రక్షణ అదనపు పాలసీ లేకపోతే బీమా కూడా దక్కకపోవచ్చు. కానీ నీళ్లతో సంబంధం లేకుండానే ఆగిన బండికీ ఇదే కారణం అంటగడితే, నిజమైన లోపం లెక్కలోకి రాకుండా పోతుంది. అందుకే జాబ్ కార్డుపై ఏ కారణం రాశారో చదివి, ఒప్పుకోకపోతే అక్కడే రాతపూర్వకంగా చెప్పాలి.

వినియోగదారుల చట్టం కూడా 2019లో మారింది. బండి ఎక్కడ కొన్నా, ఫిర్యాదిదారు తాను నివసించే జిల్లాలో కేసు వేయవచ్చు. హైదరాబాదులో కొన్న బండికి అవనిగడ్డ వాసి మచిలీపట్నం కమిషన్‌కే వెళ్లవచ్చు. గడువు రెండేళ్లు.

మహీంద్రా 2023 ఆగస్టులో 1,08,306 ఎక్స్‌యూవీ 700 వాహనాలను ఇంజిన్ గదిలోని వైర్లు ఒరుసుకుపోతున్నాయేమో పరీక్షించడానికి పిలిచింది. ఇలాంటి కబురు కంపెనీ రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు, చిరునామాకు వెళ్తుంది. గుడివాడలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారికి అది అందకపోవచ్చు. పాత యజమాని నంబరుకే వెళ్లి ఉంటుంది. ఛాసిస్ నంబరు మాత్రం మారదు. ఆ నంబరు చెప్పి అడిగితే, ఆ బండిపై రీకాల్ పెండింగ్‌లో ఉందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెబుతారు.