విజయనగరం వారి చలివేంద్రం, క్రాయిడన్ వారి బావి

లండను నగరంలోని హైడ్ పార్కులో 1867వ సంవత్సరంలో తాగునీటి ఫౌంటెను ఒకటి కట్టినారు. దానిని లండను ప్రజలకు కానుకగా ఇచ్చినవారు విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజుగారు. వేసవిలో బాటసారులకు చలివేంద్రం పెట్టించడం మన ప్రాంతంలో అనాదిగా వస్తున్న పుణ్యకార్యమే. కాని థేమ్సు వంటి నది పక్కనే పారుతూండగా, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన ఆ నగరానికి చలివేంద్రం అవసరమేమి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే ప్రజారోగ్య శాస్త్ర చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మనకు తెలుస్తుంది.

ఆనాడు లండనుకు నీటిని అమ్మేవి ప్రైవేటు కంపెనీలు. నగరపు మురుగంతా థేమ్సులో కలిసేది. తాగునీరూ ఆ నదినుండే వచ్చేది. 1854లో కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అనే వైద్యుడు దక్షిణ లండనులో ఇంటింటి లెక్క తీసినాడు. అక్కడ ఒకే వీధిలో, పక్కపక్క ఇళ్లకు రెండు వేర్వేరు కంపెనీల గొట్టాలుండేవి. లాంబెత్ కంపెనీ 1852 నుండి మురుగు చేరని ఎగువ భాగాన నీరు తీసుకొంటున్నది. సదర్క్–వాక్సాల్ కంపెనీ నగరంలోని మురికి నీటినే తోడుతున్నది. మహమ్మారి మొదటి ఏడు వారాలలో ప్రతి 10,000 ఇళ్లకు లాంబెత్ వారి నీరు వాడిన ఇళ్లలో 37 మంది, రెండవ కంపెనీ నీరు వాడిన ఇళ్లలో 315 మంది మరణించినారు. గాలి అదే, వీధి అదే, కులవృత్తులు అవే. తేడా నీటిలోనే ఉన్నది. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ పట్టి చూపినది ఆ తరువాత 1884లో, మన కలకత్తాలో. అంటే క్రిమి కంటబడక ముందే, కేవలం లెక్కల బలంతో రోగమార్గం తెలిసిందన్నమాట.

తెలిసినంత మాత్రాన ఆచరణలోకి రాలేదు. 1866లో తూర్పు లండనులో వడపోయని నీరు సరఫరా కావడంతో వేలమంది కలరాకు బలియైనారు. విజయనగరం వారి ఫౌంటెను ఆ మరుసటి యేటిది. పేదలకు ఉచితంగా మంచినీరు అందించే ఫౌంటెన్లను కట్టడానికి 1859లోనే అక్కడ ఒక సంఘం వెలసినది. ఆ ధర్మకార్యంలో మన మహారాజుగారు చేయి కలిపినారు.

అయితే ధర్మబుద్ధితో కట్టిన ఫౌంటెను ఒక పార్కుకు చాలుతుంది గాని, ఊరికంతటికీ చాలదు. దానికి చట్టం కావాలి, పన్ను కావాలి, బాధ్యత వహించే అధికారి కావాలి. లివర్‌పూలు నగరం 1847లో డాక్టర్ డంకన్‌ను ఆరోగ్యాధికారిగా నియమించినది. ఇంగ్లండులో ఆ పదవికి ఆయనే ప్రథముడు. 1848లో మొదటి ప్రజారోగ్య చట్టం వచ్చినది. 1872 నాటికి ప్రతి పారిశుధ్య జిల్లాకూ ఆరోగ్యాధికారి తప్పనిసరి అయినాడు. ఆయన చేతి కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. బావులు, మురుగు కాలువలు, పాలు, మాంసం, ఇరుకు ఇళ్లు, అంటురోగాలు అన్నీ వారి తనిఖీలోనివే. పట్టణంలో ఎందరు పుట్టినారు, ఎందరు ఏ రోగంతో పోయినారు, నీటి పరీక్ష ఫలితమేమి అన్న వివరాలతో ఏటేటా ఒక నివేదికను పురపాలక సంఘం ముందుంచడం ఆయన విధి. ఈ పదవి 1974 వరకు కొనసాగినది.

ఇంత ఏర్పాటు ఉన్నప్పటికీ పొరపాటుకు తావు లేకపోలేదు. లండనుకు దక్షిణాన క్రాయిడన్ అనే పెద్ద బరో ఉన్నది. 1937 శరదృతువులో అక్కడ టైఫాయిడ్ జ్వరం చెలరేగి 43 మంది మరణించినారు. విచారణలో తేలినదేమి? పట్టణానికి నీరిచ్చే బావులలో ఒకదానిలో మరమ్మతు జరుగుతున్నది. పనివారిలో ఒకడు, తనకు తెలియకుండానే, టైఫాయిడ్ క్రిములను మోస్తున్నవాడు. ఆ రోజులలో ఆ బావి నీటికి వడపోత గాని క్లోరిను గాని లేకుండా సరఫరా సాగినది. బావిలో పని జరుగుతున్న సంగతి ఇంజనీరు శాఖకు తెలుసు, ఆరోగ్యాధికారికి తెలియదు. చట్టమున్నది, క్లోరిను యంత్రమున్నది, చదువుకొన్న అధికారులున్నారు. ఒకరి మాట ఒకరికి చేరలేదు. అంతే!

ఇక మన సంగతి చూద్దాము. విశాఖపట్నంలో 1858లోనే పౌరులు స్వచ్ఛంద పురపాలక సంఘం ఏర్పరచుకొన్నారు. అది 1866లో మునిసిపాలిటీ అయినది. విజయనగరానికి 1888లో మునిసిపాలిటీ వచ్చినది. 1893–96 మధ్య తూర్పు కోస్తా రైలు మార్గం పడిన తరువాత యాత్రికులతో పాటు అంటురోగాలకు కూడా ప్రయాణం సులభమైనది. 1919 సంస్కరణలతో ప్రజారోగ్యం రాష్ట్ర మంత్రుల చేతికి వచ్చినది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వెలువడినది. దేశంలో ఇటువంటి సమగ్ర చట్టాలలో ఇదే మొదటిది. ఇంగ్లీషు చట్టాల అచ్చు ఇందులో స్పష్టంగా కనబడుతుంది. తాగునీరు, మురుగునీటి పారుదల, అంటురోగాల ప్రకటన, ఆరోగ్యాధికారి అధికారాలు అన్నీ ఇందులో ఉన్నవి. ఆంధ్ర ప్రాంతానికి ఇది వారసత్వంగా సంక్రమించినది.

అయితే ఇంగ్లీషు బరో ఒక పట్టణం. ఇంటిపన్ను వసూలుతో అది జీతగాళ్లను పెట్టుకోగలదు. మన జనులలో అధికులు పల్లెలలో ఉండేవారు. బావి, చెరువు, గెడ్డ ఇవే వారి నీటి వనరులు. 1952లో సమాజ వికాస పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలైన తరువాతనే ఈ శాస్త్రం పల్లె గడపను తొక్కినదనవచ్చును. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకు విశాఖ జిల్లాలో ఉండిన మా కొత్తవలస వంటి రైల్వే జంక్షను ఊళ్లకు రెండు తీర్ల చిక్కూ ఉన్నది. జనసమ్మర్దం పట్టణానిది, ఆదాయం పంచాయతీది.

2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ ప్రతి పల్లె ఇంటికీ కొళాయి నీరందించడం లక్ష్యంగా పెట్టుకొన్నది. అది మంచిదే. కాని కొళాయి వచ్చినంతనే నీరు శుభ్రమైనదని భావించరాదు. క్రాయిడన్‌లో కూడా జ్వరం కొళాయిలోనుంచే వచ్చినది. గొట్టం మంచినీటినెంత వేగంగా పంచుతుందో, చెడునీటినీ అంత వేగంగానే పంచుతుంది.

ఈ విషయంలో విద్యార్థులు స్వయంగా చేయదగిన పని ఒకటున్నది. గుండ్రని బావిలోని నీటి ఘనపరిమాణం కనుగొనడానికి వ్యాసం వర్గాన్ని నీటిలోతుతో, 3.14తో గుణించి 4తో భాగించాలి. వ్యాసం 2 మీటర్లు, లోతు 3 మీటర్లు అయితే 9.42 ఘనమీటర్లు, అనగా 9,420 లీటర్లు. సాధారణంగా 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు కావాలి. కనుక ఈ బావికి దాదాపు 24 గ్రాములు. నీరు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. పొడిని కొద్ది నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను మాత్రమే బావిలో కలిపి, ఒక గంట ఆగాలి. మూత తీసి ఉంచిన పౌడరులోని క్లోరిను గాలికి పోతుంది. అటువంటి పొడి చల్లినా చల్లనట్లే. అందుచేత చివరకు నీటిలో క్లోరిను మిగిలినదో లేదో పరీక్షించి చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలని మన ప్రమాణం. ఈ పరీక్షకు చిన్న పెట్టెలు దొరుకుతున్నవి. రంగు చూచి అంకె చెప్పవచ్చును. పౌడరు కలపడం పంచాయతీ సిబ్బంది పని. లెక్క కట్టడం, పరీక్షించడం పిల్లలకు చేతనైన పని.

ఉన్నత పాఠశాలలలోని సైన్సు ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకం తెరచి, ఊరిలోని నాలుగు చోట్ల కొళాయి నీటిని వారానికొకసారి పిల్లలచేత పరీక్ష చేయించి తేదీతో సహా అంకెలు వ్రాయించవచ్చును. ఏ వారమైనా అంకె పడిపోతే ఆనాడే పంచాయతీ కార్యదర్శికీ, ఆరోగ్య కేంద్రానికీ, ఇద్దరికీ తెలియజేయాలి. క్రాయిడన్‌లో లోపించినది ఆ కబురే. జాన్ స్నో చేసినదీ ఇటువంటి లెక్కే. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. విడువకుండా వ్రాసే అలవాటు ఉంటే చాలును.