ఇంటిపైకప్పు టీవీ యాంటెన్నా

భూతల ట్రాన్స్‌మిటర్ల నుంచి వచ్చే టెలివిజన్ ప్రసారాలను చందా లేకుండా అందుకోవడానికి ఇంటి కప్పు మీద గొట్టానికి బిగించే లోహపు సాధనం. దూరదర్శన్ రోజుల్లో తెలుగు ఊళ్ల డాబాల మీద కనిపించినవీ, నేడు అమెరికా ఇళ్లకు కొంటున్నవీ చాలావరకు యాగి-ఉడా కుటుంబానికి చెందినవే. ఎంపికలో మొదట తేల్చుకోవలసింది ట్రాన్స్‌మిటర్ ఏ బ్యాండులో ఉందన్నది. దూరం, దిశ ఆ తరవాత వస్తాయి.

రూపకర్తలు

జపాన్‌లోని సెందాయ్ నగరంలో, తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఈ రూపం పుట్టింది. కనిపెట్టిన సంవత్సరాన్ని 1925 అని కొందరు, 1926 అని కొందరు, 1928 అని మరికొందరు రాస్తారు. మొదటిది హిదెత్సుగు యాగి పేరిట పేటెంటు దరఖాస్తు చేసిన ఏడు. రెండోది జపాన్‌లో తొలి పరిశోధన వ్యాసాలు వెలువడిన ఏడు. మూడోది యాగి ఇంగ్లీషు వ్యాసం అమెరికాలో అచ్చయిన ఏడు. ఆ వ్యాసంలో సహచరుడు షింతారో ఉడా కృషిని యాగి ప్రస్తావించినా బయటి ప్రపంచంలో యాగి పేరే స్థిరపడింది. ప్రయోగాల బరువు ఎక్కువగా ఉడా మోశారన్న అభిప్రాయం ఇప్పుడు బలంగా ఉంది. అందువల్ల 1926వ సంవత్సరాన్నీ, జంట పేరునూ తీసుకోవడం న్యాయంగా తోస్తుంది.

ఈ యాంటెన్నాలో టీవీ వైరును కలిపే కడ్డీ డైపోల్. దాని వెనక కాస్త పొడవైన రిఫ్లెక్టరు, ముందు కాస్త పొట్టి డైరెక్టర్లు ఉంటాయి. డైరెక్టర్లు పెరిగేకొద్దీ గ్రహణశక్తి పెరుగుతుంది, చూపు ఇరుకవుతుంది.

బ్యాండు, కొలత

డైపోల్ పొడవు తరంగదైర్ఘ్యంలో ఇంచుమించు సగం. మెగాహెర్ట్‌జ్‌లలో పౌనఃపున్యంతో 150ని భాగిస్తే ఆ సగం మీటర్లలో వస్తుంది; అసలు కడ్డీ అంతకంటే కొద్దిగా పొట్టి. దూరదర్శన్ వాడిన బ్యాండ్ 1లోని 4వ ఛానెల్ 61 నుంచి 68 మెగాహెర్ట్‌జ్ దాకా ఉంటుంది కనుక దానికి రెండు మీటర్లు దాటిన కడ్డీ కావాలి. బ్యాండ్ 3లోని 5 నుంచి 12 వరకు ఛానెళ్లకు (174–230 మెగాహెర్ట్‌జ్) ముప్పావు మీటరు అటూఇటూ చాలు. యూహెచ్ఎఫ్‌లో 500 మెగాహెర్ట్‌జ్ వద్ద ఇది 30 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఒక బ్యాండుకు చేసినది మరో బ్యాండులో సరిగా పనిచేయదు. పొరుగూరి ఇంటి మీద చక్కగా పనిచేసిన యాంటెన్నా మన ఊళ్లో పనికిరాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

దూరం, ఎత్తు

సమతల నేల మీద టవరు ఎత్తు, యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కూడి 4.12తో గుణిస్తే రేడియో క్షితిజ దూరం కిలోమీటర్లలో వస్తుంది. టవరు 150 మీటర్లు, యాంటెన్నా 9 మీటర్లు అయితే దాదాపు 63 కిలోమీటర్లు. యాంటెన్నాను 16 మీటర్లకు లేపితే పెరిగేది 4 కిలోమీటర్లే. గొట్టం పొడవు పెంచడం వల్ల అసలు లాభం దగ్గరి చెట్లనూ మేడలనూ దాటడం.

వైరు, బూస్టరు

పాత పద్ధతిలో 300 ఓముల బల్లపరుపు రిబ్బన్ వైరు వాడేవారు. తడిస్తే దానిలో నష్టం పెరుగుతుంది. 75 ఓముల కోయాక్సియల్ వైరు వాడితే ఫోల్డెడ్ డైపోల్ దగ్గర ఆ రెంటినీ పొసగించే బాలన్ అనే చిన్న పరికరం తప్పనిసరి. ఆర్‌జీ-6 వైరు 30 మీటర్లు లాగితే 500 మెగాహెర్ట్‌జ్ వద్ద సుమారు 5 డెసిబెల్లు, అంటే అందిన శక్తిలో సగానికి పైగా, దారిలోనే పోతుంది. కాబట్టి బూస్టరును యాంటెన్నా పక్కనే బిగించాలి. టీవీ వెనక పెడితే అది సిగ్నల్‌తో పాటు అప్పటికే చేరిన రొదను కూడా పెంచుతుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గరలో ఉన్నవారికి బూస్టరు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

తెలుగు ప్రాంతంలో

ఉపగ్రహ ప్రయోగ ప్రసారాలు (1975–76) ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ చేరాయి. అయితే అక్కడ వాడినది తీగవలతో చేసిన పెద్ద డిష్షు. హైదరాబాదు కేంద్రం ఆరంభాన్ని ఆ ప్రయోగానికి కార్యక్రమాలు తయారైన కాలం నుంచి లెక్కించేవారున్నారు. కప్పు మీది యాంటెన్నా చరిత్రకు మాత్రం భూతల ప్రసారం మొదలైన 1977 సరైన గుర్తు. 1980ల మధ్యలో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా వేగంగా వెలిశాక చిన్న పట్టణాల్లోనూ ఇవి సాధారణమయ్యాయి. వ్యూహాత్మక ప్రాంతాల్లోని కొన్ని మినహా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి చివరికల్లా మూసివేస్తున్నట్టు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. ఉచిత ప్రసారాలకు ఇప్పుడు ప్రధాన ఆధారం ఉపగ్రహ సేవ అయిన డీడీ ఫ్రీ డిష్.

అమెరికాలో

పూర్తి శక్తి స్టేషన్ల అనలాగ్ ప్రసారం 2009 జూన్ 12న ముగిసింది. 2020 నాటికి యూహెచ్ఎఫ్ టీవీ 36వ ఛానెల్ దగ్గర ఆగింది. తెరపై కనిపించే అంకె అసలు ఛానెల్‌ను చెప్పదు. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ పరిసరాల్లో 5గా కనిపించే స్టేషన్ నిజానికి యూహెచ్ఎఫ్‌లో ఉంది. అక్కడి డబ్ల్యూఎఫ్ఏఏ స్టేషన్ మాత్రం యూహెచ్ఎఫ్‌కు దిగువనున్న వీహెచ్ఎఫ్‌లోని 8వ ఛానెల్‌లోనే ప్రసారమవుతుంది. ట్రాన్స్‌మిటర్లు ఎక్కువగా నగరానికి నైరుతిన సీడర్ హిల్‌లో ఉన్నాయి. అక్కడికి సుమారు 60 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో నివాసి యూహెచ్ఎఫ్‌కు మాత్రమే చేసిన యాంటెన్నా కొంటే డబ్ల్యూఎఫ్ఏఏ చేజారే ప్రమాదం ఉంది. ఎగువ వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ రెండూ పట్టే జంట రకాన్ని సీడర్ హిల్ వైపు తిప్పి బిగించడం మేలు.

‘డిజిటల్ యాంటెన్నా’, ‘హెచ్‌డీ యాంటెన్నా’ అన్నవి ప్రత్యేక రకాలు కావు. కొత్త డిజిటల్ ప్రసార ప్రమాణం ఏటీఎస్‌సీ 3.0 కూడా అవే బ్యాండ్లు వాడుతుంది కనుక దాని కోసం యాంటెన్నా మార్చనక్కరలేదు. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి. డిజిటల్‌లో ఒక హద్దు దాకా బొమ్మ నిలుస్తుంది, దాటగానే ముక్కలై ఆగిపోతుంది. అందుకే సిగ్నల్ ఆ హద్దుకు కాస్త పైన ఉండేలా యాంటెన్నాను ఎంచుకోవాలి. గాలివాన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

సొంత ఇంటి మీద యాంటెన్నా పెట్టుకోవడాన్ని గృహ సంఘాలు అడ్డుకోకుండా అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996 నాటి నిబంధన కాపాడుతుంది. కప్పుకు 12 అడుగులకు మించి లేచే గొట్టానికి అనుమతి అడగవచ్చు. గొట్టాన్నీ వైరునూ భూమికి ఎర్త్ చేయడం ఏ దేశంలోనైనా వదలకూడని పని. పిడుగు నేరుగా పడితే అది పూర్తి రక్షణ ఇవ్వలేకపోయినా, దగ్గరి మెరుపుల వల్ల పేరుకునే విద్యుత్తును నేలలోకి పంపుతుంది.