గండిలోకి నీటిదారిన

రాజుపాలెంలో చీకటితో బయల్దేరి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటితే, మైలవరం కట్ట చేరేసరికి ఎండ ఇంకా ముదరదు. జలాశయం నిండుగా ఉంది. వలలు ఆరేసిన గట్టు దిగి, మోటారు బిగించిన చిన్న ఫైబర్ పడవలోకి కాలు పెట్టండి. "నడుమ కూచోన్నా, అంచు పట్టుకోవాకు," అంటాడు పడవ నడిపే కుర్రాడు.

మొదట అంతా వెడల్పాటి నీళ్లే. మునిగిన కొయ్యల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పడమరకు పోయేకొద్దీ ఎర్రమల కొండలు ఇటూ అటూ దగ్గరికి జరుగుతాయి. ఒక మలుపు తిరగ్గానే గాలి తగ్గుతుంది. మోటారు చప్పుడు రాతికి కొట్టుకుని రెట్టింపై వెనక్కి వస్తుంది. గండిలోకి వచ్చేశాం.

"ఆపేస్తాండా," అని అతను ఇంజను కట్టేసి తెడ్డు అందుకుంటాడు. ఇప్పుడు తలెత్తండి. సుమారు మూడు వందల అడుగుల గోడలు. పేర్చినట్టున్న ఎర్రరాతి పలకల నడుమ చీలికలు, చీలికల్లో గడ్డి, పైన ఎక్కడో వేలాడే తేనెపట్లు. పైనున్న గండికోట మీద నిలబడి ఫోటో తీసుకునేవాళ్లకు నది కనిపిస్తుంది. రాయి కనిపించాలంటే మాత్రం ఇక్కడికి దిగాల్సిందే. గండికోట చూశామనేవాళ్లలో చాలామంది సగమే చూశారని నా గట్టి అభిప్రాయం.

పడవ గోడను ఆనుకున్నప్పుడు చేయి చాచి తడమండి. కొన్ని పలకల మీద అలల గీతలు వేలికి తగులుతాయి. వంద కోట్ల ఏళ్లకు పూర్వం లోతు తక్కువైన సముద్రంలో పేరుకున్న ఇసుక ఇది, గట్టిపడి రాయైంది. ఇంత లోపలి సీమలో మీ వేళ్ల కింద ఉన్నది సముద్రపు అడుగు.

స్కాట్లాండ్ పడమటి తీరంలో, స్కై దీవికి ఎదురుగా, లోఖ్ హూర్న్ అనే సముద్రపు పాయ ఉంది. తెరచాప పడవల్లో అక్కడికి వెళ్లేవాళ్లు కూడా ఇలాగే కొండల నడుమకు దూరతారు. అక్కడ మంచునదులు లోయను చెక్కాయి, మంచు కరిగాక సముద్రం లోపలికొచ్చింది. ఇక్కడ చెక్కింది పెన్న. నంది కొండల్లో పుట్టిన నది ఈ కొండను కోసుకుంటూ దారి చేసుకుంది, ఆ దారిలోకి మైలవరం ఆనకట్ట నీళ్లు ఎదురెక్కాయి. ఎగువనున్న గండికోట జలాశయానికైతే శ్రీశైలం నుంచి కాలువల గుండా కృష్ణ నీళ్లూ వస్తాయి. కరువు సీమలో పడవ తేలేటన్ని నీళ్లు! ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

ఇంకా లోపలికి పోతే కోటగోడ. కింది నుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో, కట్టడం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేం. పెమ్మసాని నాయకుల తర్వాత కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికొచ్చింది. 1652లో అతన్ని కలవడానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, కొండ అంచున మలిచిన ఇరుకుదారిని, దాని పక్కన అగాధాన్ని, అడుగున పారే నదిని రాసి పెట్టాడు. అతను భయంగా కిందికి చూసిన నీళ్ల మీదే ఇప్పుడు మన పడవ.

కుర్రాడు వల లాగుతున్నాడు. నాలుగు జిలేబీ చేపలు, ఒక రవ్వ. "పొద్దెక్కితే గాలి ఎదురొస్తాదన్నా," అంటూ ఇంజను తాడు గుంజాడు.