రెడ్‌షర్ట్ రూల్ అంటే ఏంటి? నాలుగు మ్యాచ్‌ల లెక్క మీద అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఇంత రచ్చ ఎందుకు?

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడికి ఐదేళ్ల టైమ్ ఉంటుంది. కానీ ఆడగలిగేది నాలుగు సీజన్లే. మిగిలిన ఆ ఒక్క ఏడాది పక్కన కూర్చోవడానికి పెట్టిన పేరే రెడ్‌షర్ట్. ఒకప్పుడు ఇది కుర్రాళ్లకు ఎదిగే టైమ్ ఇచ్చే చిన్న వెసులుబాటు. ఇప్పుడు అదే ఏడాది లక్షల డాలర్ల విలువ చేస్తోంది. అందుకే కోచ్‌లు రూల్ మార్చాలంటున్నారు, ఆటగాళ్లు కోర్టుకు వెళ్తున్నారు. అసలు ఈ రూల్ ఏంటి, గొడవ ఎక్కడ మొదలైందో చూద్దాం.

క్విక్‌గా చూస్తే..

- రూల్ పెట్టేది ఎన్‌సీఏఏ. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఇదే.
- టాప్ లెవెల్ అయిన డివిజన్ వన్‌లో ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు.
- 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ సీజన్ లెక్కలోకి రాదు.
- ఈ నాలుగును తొమ్మిది చేయాలని 2025లో కోచ్‌ల వైపు నుంచి ప్రతిపాదన వచ్చింది.
- అసలు రెడ్‌షర్టే వద్దు, ఐదేళ్లూ ఆడనివ్వండి అన్నది ఇంకో వాదన.

రెడ్‌షర్ట్ అంటే అసలేంటి?

ముందుగా ఒక క్లారిటీ. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో ఆడే ఆట కాదు. హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

రెడ్‌షర్ట్ ప్లేయర్ టీమ్‌లోనే ఉంటాడు. స్కాలర్‌షిప్ ఉంటే అదీ కొనసాగుతుంది. క్లాసులకు వెళ్తాడు, జిమ్ చేస్తాడు, రోజూ ప్రాక్టీస్‌లో దిగుతాడు. మ్యాచ్ రోజు మాత్రం గ్రౌండ్‌లోకి రాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే స్క్వాడ్‌లో ఉండి, నెట్స్‌లో బ్యాటింగ్ చేసి, తుది జట్టులో ఆడని ప్లేయర్ లాగా అన్నమాట. తేడా ఏంటంటే, ఇక్కడ అలా కూర్చున్నందుకు ఒక సీజన్ మిగులుతుంది.

ఐదేళ్ల గడియారం మాత్రం ఆగదు. కాలేజీలో ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా చేరిన రోజు నుంచి అది తిరుగుతూనే ఉంటుంది. సైన్యంలో సేవ, మత ప్రచార సేవ, గర్భధారణ లాంటి కొన్ని కారణాలకే మినహాయింపు ఉంది.

ఆ పేరు ఎలా వచ్చింది?

ఎక్కువగా చెప్పుకునే కథ నెబ్రాస్కా యూనివర్సిటీది. 1937లో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు టీమ్‌తో ప్రాక్టీస్ చేస్తా కానీ ఈ ఏడాది మ్యాచ్‌లు ఆడను అని అడిగాడట. నంబర్ లేని ఎర్ర చొక్కా వేసుకుని ప్రాక్టీస్ చేశాడు. ఆ ఎర్ర చొక్కానే తర్వాత రూల్ పేరైంది. అదే ఆల్ఫ్‌సన్ 1940లో ఆల్ అమెరికన్ గుర్తింపు తెచ్చుకున్నాడు. ఒక ఏడాది ఆగితే ఏం జరుగుతుందో మొదటి ఉదాహరణే చూపించింది.

ఎవరికి లాభం?

హైస్కూల్ నుంచి వచ్చే 18 ఏళ్ల కుర్రాడు ఒక్కసారిగా 22, 23 ఏళ్ల వాళ్లను ఢీకొట్టాలి. ముఖ్యంగా లైన్‌మెన్‌కు శరీరం గట్టిపడటానికి టైమ్ కావాలి. క్వార్టర్‌బ్యాక్‌కు వ్యూహాలు నేర్చుకునే టైమ్ కావాలి. ఆ టైమ్ ఇచ్చేదే రెడ్‌షర్ట్.

ఫలితాలూ కనిపించాయి. టెక్సాస్ ఏ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ 2011లో రెడ్‌షర్ట్ అయ్యాడు. 2012లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో అదే అతి పెద్ద వ్యక్తిగత అవార్డు. ఆడే మొదటి సీజన్‌లోనే దాన్ని గెలిచిన తొలి ఆటగాడు మాంజెలే. మరుసటి ఏడాదే ఫ్లోరిడా స్టేట్ ప్లేయర్ జేమిస్ విన్‌స్టన్ కూడా ఇదే దారిలో వచ్చి అదే ట్రోఫీ కొట్టాడు.

ఇంకో విషయం. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వెళ్లాలంటే హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడవాలి. ఆ మూడేళ్లలో రెడ్‌షర్ట్ ఏడాది కూడా కలుస్తుంది. అందుకే మాంజెల్ రెండే సీజన్లు ఆడి 2014 డ్రాఫ్ట్‌కు వెళ్లిపోయాడు. అంటే స్టార్‌కు రెడ్‌షర్ట్ వల్ల పెద్ద నష్టం లేదు. నాలుగో, ఐదో ఏడాది దాకా ఆడాల్సిన మామూలు ప్లేయర్‌కే ఈ లెక్క ప్రాణం.

2018కి ముందు ఒకలా, తర్వాత ఇంకోలా

పాత రూల్ చాలా కఠినం. సీజన్‌లో ఒక్క ప్లే ఆడినా ఆ ఏడాది పోయినట్టే. అక్కడి భాషలో రెడ్‌షర్ట్ బర్న్ అయిందంటారు. నవంబర్‌లో సీనియర్లు గాయపడి ఒక కుర్రాడిని రెండు మ్యాచ్‌లకు దింపితే, ఆ రెండు మ్యాచ్‌ల కోసం అతని పూర్తి సీజన్ ఖర్చయ్యేది.

గాయపడిన వాళ్లకు మాత్రం మెడికల్ హార్డ్‌షిప్ అనే దారి ఉంది. సీజన్ మొదటి సగంలోనే గాయమై ఇక ఆడలేని స్థితి రావాలి. అప్పటికి 30 శాతం మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు. అప్పుడు ఆ సీజన్ తిరిగి వస్తుంది.

2018 జూన్‌లో ఎన్‌సీఏఏ రూల్ మార్చింది. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా రెడ్‌షర్ట్ ఉంటుందని చెప్పింది. ఏ నాలుగు అన్నది కోచ్ ఇష్టం. మొదట్లో ఆడించొచ్చు, చివర్లో ఆడించొచ్చు. ఆ తర్వాత బౌల్ గేమ్స్, ప్లేఆఫ్ లాంటి పోస్ట్‌సీజన్ మ్యాచ్‌లనూ ఈ లెక్క నుంచి మినహాయించారు. అప్పట్లో కోచ్‌లు, ఆటగాళ్లు ఇద్దరూ దీన్ని మెచ్చుకున్నారు. కుర్రాళ్లకు అనుభవం, టీమ్‌కు అదనపు బలం అన్నారు.

మరి రూల్ ఎక్కడ అడ్డం తిరిగింది?

నాలుగు నెలలు తిరక్కుండానే! 2018 సెప్టెంబర్‌లో క్లెమ్సన్ టీమ్ నాలుగు మ్యాచ్‌లయ్యాక సీనియర్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్‌ను పక్కన పెట్టి కొత్త కుర్రాడు ట్రెవర్ లారెన్స్‌ను స్టార్టర్ చేసింది. బ్రయంట్ లెక్క చూసుకున్నాడు. ఆడింది సరిగ్గా నాలుగు మ్యాచ్‌లు. ఐదోది ఆడితే చివరి సీజన్ పోతుంది. అంతే, టీమ్ వదిలేశాడు. మరుసటి ఏడాది మిస్సోరీకి ఆడాడు.

బ్రయంట్ వెళ్లాక జరిగిన తొలి మ్యాచ్‌లోనే లారెన్స్ గాయపడ్డాడు. మరో బ్యాకప్ చేజ్ బ్రైస్ దిగి సిరక్యూస్‌పై 27-23తో గట్టెక్కించాడు. క్లెమ్సన్ ఆ ఏడాది 15 మ్యాచ్‌లూ గెలిచి ఛాంపియన్ అయింది. కానీ ఆ రోజు కొద్దిలో తప్పింది.

2019లో హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కింగ్ కూడా నాలుగు మ్యాచ్‌లయ్యాక రెడ్‌షర్ట్ ప్రకటించాడు. తర్వాత మయామీకి మారాడు. 2024లో యూఎన్‌ఎల్‌వీ టీమ్ మూడుకు మూడు గెలిచి ఊపు మీదుండగా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా తప్పుకున్నాడు. ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదన్నది అతని వైపు మాట. యూనివర్సిటీ దాన్ని ఒప్పుకోలేదు.

గమనించారా? ఈ ముగ్గురూ కొత్త కుర్రాళ్లు కాదు. కొత్తవాళ్లకు ఛాన్స్ ఇవ్వడానికి తెచ్చిన రూల్ సీనియర్లు బేరం ఆడటానికి పనికొచ్చింది.

డబ్బు వచ్చాక సీన్ మారిపోయింది

పాత రూల్ రాసిన రోజుల్లో కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్ తప్ప పెద్దగా ఏమీ రాదు. 2021 జులై నుంచి తమ పేరు, ఫొటో వాడుకుని యాడ్స్ ద్వారా సంపాదించుకునే హక్కు వచ్చింది. అదే ఏడాది ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఆగక్కర్లేదన్నారు. 2024కి వచ్చేసరికి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదన్నారు. 2025 జూన్‌లో హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కు కోర్టు ఆమోదం తెలిపింది. దాంతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

దీంతో ఒక అదనపు సీజన్ అంటే ఒక అదనపు ఏడాది జీతం లాంటిదైంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లే స్థాయి లేని ఆటగాడికి జీవితంలో ఎక్కువ సంపాదించేది ఆ ఒక్క ఏడాదే కావచ్చు.

పైగా కోవిడ్ వల్ల 2020 సీజన్‌ను ఎవరి ఖాతాలోనూ వేయలేదు. దానికి రెడ్‌షర్ట్, గాయాల మినహాయింపులు కలిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో టైట్ ఎండ్ కామ్ మెక్‌కార్మిక్ చూపించాడు. 2016లో ఒరెగాన్‌లో చేరిన అతను 2024లో మయామీ తరఫున తొమ్మిదో ఏడాది కాలేజ్ ఫుట్‌బాల్ ఆడాడు.

కోర్టులు ఏమంటున్నాయి?

పెద్ద మలుపు వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా కేసు. అతను మొదట జూనియర్ కాలేజీలో ఆడాడు. నెట్‌ఫ్లిక్స్‌లో 'లాస్ట్ చాన్స్ యూ' చూసినవాళ్లకు ఈ జూనియర్ కాలేజీ ఫుట్‌బాల్ తెలిసే ఉంటుంది. అక్కడ ఆడిన సీజన్లను కూడా ఎన్‌సీఏఏ నాలుగులో కలుపుతోంది. ఇది పోటీ చట్టానికి విరుద్ధమని పావియా కోర్టుకెక్కాడు. ఇంకో సీజన్ ఆడితే 10 లక్షల డాలర్లకు పైగా వస్తాయని పిటిషన్‌లో చెప్పాడు. 2024 డిసెంబర్‌లో టెనెసీ ఫెడరల్ జడ్జి అతనికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చారు. అలాంటి పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకూ ఎన్‌సీఏఏ ఒక ఏడాది మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. పావియా 2025లో ఆడి హైస్‌మన్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు.

అయితే అన్ని కోర్టులదీ ఒకే మాట కాదు. విస్కాన్సిన్ ఆటగాడు న్యజీర్ ఫోర్‌క్యురాన్‌కు కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వును 2025 జులైలో అప్పీల్ కోర్టు కొట్టేసింది.

2025 సెప్టెంబర్‌లో నేరుగా రెడ్‌షర్ట్ రూల్ మీదే కేసు పడింది. వాండర్‌బిల్ట్ ఆటగాళ్లు కూడా ఉన్న ఒక బృందం ఇది వేసింది. వాళ్ల ప్రశ్న సింపుల్. ఐదేళ్లు ప్రాక్టీస్ చేయొచ్చు, ఐదేళ్లు చదవొచ్చు, మరి ఐదు సీజన్లు ఎందుకు ఆడకూడదు?

టేబుల్ మీద ఉన్న మూడు దారులు

1. నాలుగు మ్యాచ్‌లే ఉంచడం: అందరికీ అలవాటైన లెక్క. రెగ్యులర్ సీజన్ 12 మ్యాచ్‌లు కాబట్టి మూడో వంతు. కానీ నాలుగో మ్యాచ్ దగ్గర టీమ్ వదిలే సమస్య అలాగే ఉంటుంది.

2. తొమ్మిదికి పెంచడం: గాయాలు ఎక్కువయ్యే సీజన్ చివర్లో కుర్రాళ్లను భయపడకుండా ఆడించొచ్చన్నది కోచ్‌ల లెక్క. సెప్టెంబర్‌లోనే తప్పుకోవాలన్న ఒత్తిడీ తగ్గుతుంది. కానీ 12లో 9 అంటే 75 శాతం. అంత ఆడాక కూడా ఆ సీజన్ ఆడలేదు అనడం ఏం లెక్క అని విమర్శ. పైగా వదిలివెళ్లే సమస్య సెప్టెంబర్ నుంచి నవంబర్‌కు జరుగుతుందేమో. టైటిల్ రేస్ వేడెక్కేది అప్పుడే.

3. ఐదేళ్లు, ఐదు సీజన్లు: రెడ్‌షర్ట్ అన్న మాటే ఉండదు. మ్యాచ్‌లు లెక్కపెట్టక్కర్లేదు, చాలావరకు మినహాయింపుల కోసం తిరగక్కర్లేదు. అర్థం చేసుకోవడానికి ఇదే తేలిక. 2025 మొదట్లోనే ఎన్‌సీఏఏలో దీనిపై చర్చ జరిగింది.

అయితే బిల్లు కట్టేది ఎవరు?

చర్చలో తక్కువ వినిపించే గొంతు హైస్కూల్ కుర్రాడిది. హౌస్ సెటిల్‌మెంట్ తర్వాత టీమ్‌లో 105 మందికి మించి ఉండకూడదు. చిన్న లెక్క వేద్దాం. అందరూ నాలుగేళ్లే ఉంటే ఏడాదికి దాదాపు 26 మంది కొత్తవాళ్లకు చోటు. అందరూ ఐదేళ్లు ఉంటే 21 మందికే. అంటే ఒక్కో టీమ్‌లో ఐదు సీట్లు తగ్గినట్టు. ఇప్పటికే రెడ్‌షర్ట్‌తో చాలామంది ఐదేళ్లు ఉంటున్నారు కాబట్టి అసలు తేడా ఇంతకంటే తక్కువే ఉంటుంది. కానీ రూల్ మారిన మొదటి ఏడాది మాత్రం దెబ్బ గట్టిగానే తగులుతుంది. వెళ్లిపోవాల్సిన సీనియర్లు ఆగిపోతారు, ఆ ఏడాది హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు గుమ్మం దగ్గరే ఉండిపోతారు. కొత్త తరానికి చోటు కావాలనే పరిమితి పెట్టామన్నది ఎన్‌సీఏఏ ప్రధాన వాదన కూడా.

ఈ పదాలు గుర్తుంచుకోండి

- ట్రూ ఫ్రెష్‌మన్: కాలేజీలో చేరిన మొదటి ఏడాదే ఆడేవాడు.
- రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్: రెండో ఏడాది చదువుతున్నాడు, ఆటలో మాత్రం మొదటి సీజన్.
- గ్రేషర్ట్: ఫుల్‌టైమ్ అడ్మిషన్‌నే వాయిదా వేసుకోవడం. ఐదేళ్ల గడియారం ఇంకా మొదలవదు.
- ట్రాన్స్‌ఫర్ పోర్టల్: కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే చోటు. 2018 అక్టోబర్‌లో మొదలైంది.

డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఉండి పిల్లల్ని హైస్కూల్ టీమ్‌లో ఆడిస్తున్న మనవాళ్లు ఉంటే ఒక విషయం గమనించాలి. గడియారం ఆట మొదలైన రోజు నుంచి కాదు, ఫుల్‌టైమ్‌గా కాలేజీలో చేరిన రోజు నుంచి తిరుగుతుంది. అది ఏ కాలేజీ అయినా సరే. అడ్మిషన్ డేట్ ఫిక్స్ చేసుకునే ముందే కోచ్‌ను, కాలేజీ కంప్లయన్స్ ఆఫీస్‌ను అడగడం మంచిది.

నాలుగా, తొమ్మిదా, ఐదేళ్లూనా? అంకె ఏదైనా వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే. పక్కన కూర్చున్న ఆ ఏడాది ఎవరిది? ఒకప్పుడు అది కోచ్ చేతిలో ఉండేది. ఇప్పుడు ఆటగాడు నాది అంటున్నాడు. ఇంకా లోపలికి రాని కుర్రాడి వాటా కూడా అందులో ఉంది. ఏ కొత్త రూల్ వచ్చినా ఈ ముగ్గురిలో ఎవరికి ఎంత దక్కిందో చూస్తే అది న్యాయమో కాదో తెలిసిపోతుంది.