కొండెక్కిన రూతు, కథ ఎత్తుకున్న రూతు

తమ పల్లె మీద నవల రాయాలని కూర్చున్న మన పొదిలి, మార్కాపురం పిల్లలు చాలామంది మొదటి పేజీలోనే ఒకణ్ణి బస్సు దింపుతారు. పట్నంలో చదువుకున్నవాడో, బదిలీ మీద వచ్చిన అయ్యవారో పల్లెలోకి నడుస్తాడు. ఇక అక్కణ్ణుంచి మన అమ్మ, మన డప్పు, మన ఆరె అన్నీ వాడి కంటికి వింతలే. మనల్ని మనమే వాడికి పరిచయం చేసుకోవాల్సి వస్తుంది.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. ఒంగోలు మిషన్ కథను తరచూ 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద మొదలుపెడతారు. లైమన్ జూయెట్ దొర ప్రార్థన చేస్తుంటాడు. నిజానికి ఆ కొండ మీదున్నది ఐదుగురు. దొర, దొరసాని, ఇంకా నర్సు, జూలియా, రూతు. ఆ చలిలో కొండెక్కిన రూతు ఏం చూసింది, ఏం కోరుకుంది? కథ చెప్పేవాళ్లు ఆమె పేరు పలికి ముందుకు పోతారు.

ధాత కరువు కథా అంతే. అప్పటికి పొదిలి నెల్లూరు జిల్లాలో ఉంది (ప్రకాశం పుట్టింది 1970లో గదా). 1876-78లో మెట్ట ఊళ్లు ఎండిపోతే క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది మన బోధకులే, క్లౌ కాదు. క్లౌ రాకముందే, 1866లో, బాప్తిస్మం తీసుకున్న మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి దారి వేశాడు. కథ పేరయ్యతో ఎత్తుకుంటే దొర నడుమ వచ్చి చేరిన మనిషి అవుతాడు. సంఘటనలు అవే, తేదీలు అవే. దొర చోటు మాత్రం మారిపోతుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో 'మాలపల్లి' రాశాడు. సర్కారు దాన్ని నిషేధించింది. బయటినుంచి ఎవణ్ణో తీసుకొచ్చి పల్లె చూపించకుండా మాల రామదాసు కుటుంబాన్నే నడిమధ్య నిలబెట్టాడు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. కానీ రామదాసు నోట వేదాంతం పలికినప్పుడల్లా బ్రాహ్మణ బారిస్టరు గొంతే నాకు వినబడుతుంది. ఇల్లు మనది, చూపు సగమే మనది.

2000లో మన జిల్లావాడే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' వేశాడు. అది రూతు జ్ఞాపకంతో మొదలవుతుంది. కొండెక్కిన రూతు కాదు, ఈమె రూబేను భార్య. వీధిభాగోతాల ఎల్లన్నను ఆమె కళ్లతో చూడలేదు. ఎల్లన్న భర్తకు తాత. కరువులో కాలవ పనికి పోయిన శివయ్య, శశిరేఖ ఆమె అత్తమామలు. తనకు తెలిసింది చాలావరకు విన్నదే. మరి చూసినవాళ్లను వదిలి, విన్న కోడలితో ఎందుకు మొదలుపెట్టాడు?

మన పల్లెకు కరణం లెక్కల్లో వెట్టి ఉంది, చరిత్ర లేదు. అది తరం నుంచి తరానికి చెవిన పడుతూ వచ్చింది. రూతు తలుచుకోవడం మొదలుపెట్టేసరికి ఆ వినికిడే ఆధారం అవుతుంది. ఆమె ఎవరికీ పల్లెను చూపించదు, అందులోనే కూర్చుని తలుచుకుంటుంది. డప్పు అంటే ఏమిటో వివరించాల్సిన మనిషి ఆ గదిలో లేడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ బస్సు దిగినవాణ్ణి మూడో అధ్యాయం దాకా స్టాండులోనే కూర్చోబెట్టండి. ఈలోగా మీ జేజి దగ్గరికెళ్లి, వాళ్ల అత్త ఆమెకేం చెప్పిందో అడగండి.