సాగర్ నీళ్ళ కింద బోధిసిరి

మొన్న దసరా సెలవుల్లో పిల్లలు ఎక్కడికైనా వెళ్దామని పట్టుబట్టారు. ఈయనకి దొరికింది రెండు రోజుల సెలవు. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, దూరం వెళ్ళలేరు. ఆలోచించి ఆలోచించి చివరికి నాగార్జునసాగర్ ఖాయం చేశాం. హైదరాబాద్ నుంచి 150 కిలోమీటర్లు. పులిహోర, పెరుగన్నం, మినపసున్నుండలు కట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరాం. ఆ పేరు వినగానే అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ఆవిడ పుట్టింది పల్నాడులో, గురజాల వైపు. "నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరూ దాన్ని నందికొండ అనేవాళ్ళే. సాగర్ అనడం తర్వాతొచ్చింది" అన్నారు కారెక్కుతూనే.

నిజమే. డ్యాము కట్టిన చోటు అసలు పేరు నందికొండ. 1950ల మొదట్లో కృష్ణ నీళ్ళని పెన్నకి కలిపి మద్రాసు వైపు తీసుకెళ్ళాలన్న ఆలోచన ఒకటి గట్టిగా నడిచింది. అలా అయితే కృష్ణ ఒడ్డునే ఉన్న పల్నాడు, నల్గొండ ఎండిపోతాయని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ దగ్గర ఆనకట్ట కోసం పోరాడారు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ ఆ చోటుని చూడటానికొస్తే, జీపు వెళ్ళే దారి కూడా లేదట. చుట్టుపక్కల ఊళ్ళ జనం తోడై దారి వేశారని చెప్పుకుంటారు. 1952లో కమిటీ ఆ చోటే మంచిదని తేల్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి ఇంకా ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు. ఒడ్డున ఇటు ఆంధ్ర రాష్ట్రం, అటు హైదరాబాద్ రాష్ట్రం. ఇప్పుడు మళ్ళీ ఇటు ఒక రాష్ట్రం, అటు ఒక రాష్ట్రం. నది మాత్రం అదే.

మేము వెళ్ళిన రోజు కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. వంతెన మీద నుంచి చూస్తే తెల్లటి నురగ, దాని మీద పొగలాగా లేచే తుంపర. అంత దూరంలో నిలబడ్డా కళ్ళజోడు తడిసిపోయింది. మావాడు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టి మొత్తానికి 26 అని తేల్చాడు. డ్యాము ఎత్తు 124 మీటర్లు, అంటే సుమారు నలభై అంతస్తుల మేడంత. రెండు వైపులా మట్టికట్టలతో కలిపితే పొడవు దాదాపు అయిదు కిలోమీటర్లు. ఇవన్నీ పిల్లలకి చెబుతుంటే మా అమ్మాయి, "ఇంత గోడ ఎంత కాంక్రీటు పోసి కట్టారో!" అంది.

నది మధ్యలో ఉన్న ఆ పెద్ద గోడ కాంక్రీటుతో పోసింది కాదు. రాతికట్టడం. ప్రపంచంలో రాతితో కట్టిన ఆనకట్టల్లో దీన్నే అన్నిటికన్నా ఎత్తైనదిగా చెబుతారు. ఆ రోజుల్లో పెద్ద యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు లేదు. మనుషులు మాత్రం ఉన్నారు. అందుకే మనుషుల చేతులతో కట్టే పద్ధతి ఎంచుకున్నారు. వేలాది మంది కూలీలు రాళ్ళు మోసి, పేర్చి, సున్నం సిమెంటు అద్ది ఏళ్ళ తరబడి కట్టారు. అప్పటి ఫొటోల్లో చూడండి, సర్వే బాదుల మీద, ఏటవాలు బల్లల మీద చీమల బారుల్లా మనుషులు. వాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళో! తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట, చంగు నడుముకి దోపుకుని, పైకి ఎక్కుతూ.

"మా పక్కింటి అవ్వ పదేళ్ళు అక్కడ రాళ్ళు మోసింది" అన్నారు అత్తయ్య. "మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని తీసుకుని డ్యాము పనికి పోయింది. చిన్నపిల్లని అక్కడే చెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదట. తిరిగొచ్చేసరికి నడినెత్తిన జుట్టు మొత్తం పోయింది. జీవితమంతా ముసుగు తియ్యలేదు."

ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, "మీరెప్పుడు అడిగారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ గారు కాలవలకి నీళ్ళు వదిలారు. కుడివైపు కాలవకి నెహ్రూ గారి పేరు, ఎడమవైపు దానికి లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. తమ ఊరి పక్క కాలవలోకి నీళ్ళొచ్చిన రోజు అత్తయ్యకి బాగా జ్ఞాపకం. ఆడవాళ్ళంతా పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయలు కొట్టి, కొత్త చీర పెట్టి గంగమ్మకి దణ్ణం పెట్టారట. "అంతకుముందు మాకు వరన్నమంటే పండగన్నమే. మిగతా రోజులన్నీ జొన్నన్నం, సంకటి. నీళ్ళొచ్చిన రెండేళ్ళకి మా ఇంట్లో రోజూ వరన్నం వండారు. మా అమ్మకి జొన్నలు దంచే పని తప్పింది" అన్నారు. ఒక ఆనకట్ట గురించి ఎన్ని లక్షల ఎకరాలు తడిశాయో పుస్తకాల్లో రాస్తారు. ఒక తల్లి రోకలి పక్కన పెట్టిన సంగతి ఎవరు రాస్తారు చెప్పండి?

అయితే ఒకరి ఇంట్లో అన్నం ఉడకాలంటే ఇంకొకరి పొయ్యి ఆరింది. జలాశయం కింద ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. ఇళ్ళు, పొలాలు, గుళ్ళు వదులుకుని వాళ్ళు వేరే చోట్లకి తరలిపోయారు. వాటితో పాటే 1700 ఏళ్ళ నాటి ఒక నగరం కూడా మునిగింది. దాని పేరు విజయపురి. మూడు, నాలుగు శతాబ్దాల్లో కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని అది.

ఆ లోయలో శిథిలాలున్నాయని 1926లో పురావస్తు శాఖ వాళ్ళకి తెలిసింది. లాంగ్‌హర్స్ట్ అనే ఆయన 1927 నుంచి 1931 వరకు తవ్వించారు. డ్యాము కడుతున్నారని ఖాయమయ్యాక, నీళ్ళొచ్చేలోగా దొరికినంత దక్కించుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మనం చేసే పనే! ఏది తీసుకెళ్ళాలి, ఏది వదిలెయ్యాలి అని. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని రాయి రాయీ విప్పి తీసుకెళ్ళి, నాగార్జునకొండ మీదా, కుడి ఒడ్డున అనుపులోనూ తిరిగి కట్టారు. చుట్టూ నీళ్ళు నిండాక ఆ కొండే దీవి అయింది. మ్యూజియం అక్కడే, దీవి మీదే ఉంది.

రెండో రోజు పొద్దున లాంచీ ఎక్కాం. పిల్లలు అంచున కూర్చుని నీళ్ళలో చేతులు పెట్టబోతుంటే కేకలేస్తూ సగం ప్రయాణం గడిచింది. మిగతా సగం నేను కిందకి చూస్తూ కూర్చున్నాను. ఈ నీళ్ళ కిందే వీధులు, స్నానఘట్టాలు, విహారాలు ఉండేవి. కాలేజీలో చరిత్ర చదువుకునేటప్పుడు నాకు ఇక్ష్వాకు రాజుల పేర్లు నోరు తిరిగేవి కావు. కానీ ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం మనసులో ఉండిపోయారు.

ఎందుకంటే విజయపురిలో బౌద్ధ కట్టడాలు చాలావరకు ఆడవాళ్ళు కట్టించినవే. రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. శాసనాల్లో అన్న పేరు, భర్త పేరు, కొడుకు పేరు చెప్పి, అల్లుడు వీరపురుషదత్తుడి క్షేమం కూడా కోరింది. ఆ అల్లుడు అన్న కొడుకే, అంటే మేనల్లుడే. మేనరికం అప్పటికే ఉందన్నమాట! రాణి భట్టిదేవి ఒక విహారం కట్టించింది. పుట్టింటి వైపు రాజకుమారి, వనవాసి రాజుకి ఇల్లాలైన కొడబలిసిరి మరో విహారం కట్టించింది. ఒకే ఇంట్లో మగవాళ్ళ యజ్ఞగుండం, ఆడవాళ్ళ స్తూపం పక్కపక్కనే నడిచాయి.

వీళ్ళంతా రాచకుటుంబాల వాళ్ళు. నాకు అందరికన్నా ఇష్టమైన ఆవిడ బోధిసిరి. ఆవిడ రాణీ కాదు, రాజు చెల్లెలూ కాదు. శాసనం ఆవిణ్ణి ఉపాసిక అంటుంది. అంటే మనలాగా సంసారంలో ఉంటూ ధర్మాన్ని నమ్ముకున్న ఇల్లాలు. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కట్టించి, అక్కడి రాతి నేల మీద ప్రాకృతంలో పెద్ద శాసనం చెక్కించింది. ఒక్క చైత్యంతో ఆగలేదు. ఒకచోట చెరువు, ఒకచోట వసారా, ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, రాతి మండపాలు, బోధివృక్షానికి గుడి. మన చీటీల పద్దు పుస్తకంలాగా అన్నీ వరసగా రాయించింది.

దానికన్నా ముచ్చటేమిటంటే, ఈ పుణ్యం ఎవరెవరికి దక్కాలో కూడా రాయించింది. భర్త, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, తాత, అమ్మమ్మ, మేనమామ... గుళ్ళో అర్చన చేయించేటప్పుడు మనం ఒక్కొక్కరి పేరూ గుర్తు చేసుకుని, ఆడపడుచు పిల్లల్ని మర్చిపోయామేమో అని మళ్ళీ పూజారిగారిని పిలుస్తామే, అచ్చం అలాగే. చిట్టచివర ఇంకో పేరుంది. విధికుడు. రాయి చెక్కిన పనివాడు. ఆయన పని ఇది అని చెప్పి శాసనం ముగుస్తుంది.

మ్యూజియంలో ఆకుపచ్చ ఛాయ తిరిగిన పలనాటి సున్నపురాయి శిల్పాల మధ్య నిలబడి పిల్లలకి ఈ కథ చెప్పాను. మావాడు పక్క గదిలోకి పరిగెత్తాడు. మా అమ్మాయి మాత్రం నిలబడింది.

"మరి డ్యాము కట్టిన అవ్వ పేరు ఎక్కడ రాశారమ్మా?" అంది.

ముందురోజు డ్యాము దగ్గర శిలాఫలకాలు చూసింది కదా, వాటి మీద ప్రధానమంత్రుల పేర్లు చదివింది. ఆ పేర్లు ఉండాల్సినవే, కాదనను. కానీ పదేళ్ళు తట్ట మోసిన ఆవిడ పేరు రాసిన రాయి నాకు ఎక్కడా కనబడలేదు. 1700 ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు తన శాసనంలో రాళ్ళు చెక్కిన వాడికి ఒక వరస ఇచ్చింది. అరవై ఏళ్ళ కిందట మనం ఇవ్వలేకపోయాం.

"ఇంతకీ ఆ అవ్వ పేరేంటి నానమ్మా?" అని అత్తయ్యని అడిగింది.

అత్తయ్య ఆలోచించారు. కొడుకు పేరు చెప్పి వాళ్ళమ్మ అనేవాళ్ళం, తర్వాత డ్యామవ్వ అనేవాళ్ళం అన్నారు. పేరు గుర్తు రాలేదు. లాంచీ కోసం రేవులో కూర్చున్నప్పుడు ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశారు. ఆయనకీ తెలియదు. రేషన్ కార్డులో ఉండి ఉంటుందిలే అక్కా, ఇప్పుడెక్కడ దొరుకుతుంది అన్నారట. అత్తయ్య ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో ఎత్తిపోతల దగ్గర ఆగాం. చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే పిల్లలు వేడివేడి మొక్కజొన్న పొత్తులు తిన్నారు. మీరూ వెళ్తే ఒక పూట డ్యాముకి, ఒక పూట దీవికి, తీరిక ఉంటే అనుపుకీ, ఎడమ ఒడ్డున కొత్తగా కట్టిన బుద్ధవనానికీ కేటాయించుకోండి. శుక్రవారం మ్యూజియం ఉండదు. లాంచీ వేళలు ముందురోజే కనుక్కోండి. టోపీలు, మంచినీళ్ళు మర్చిపోకండి.

కారులో మా అమ్మాయి మళ్ళీ నా వైపు తిరిగింది. "అమ్మా, నీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటి?"

మా అమ్మమ్మ పేరు చెప్పాను. ఆవిడ తల్లి పేరు నాకు తెలియదు. అత్తయ్యని అడిగితే ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ వరకే తెలుసు. ఈయనకి అదీ తెలియదు. ఇంటికి రాగానే మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ కాసేపు తటపటాయించి, "సుబ్బమ్మో, సీతమ్మో... మీ పెద్దమామయ్యకి తెలిసుండాలి, రేపు అడిగి చెప్తా" అంది.

ఆ రాత్రే పాల పద్దు పుస్తకంలో చివరి పేజీలు నాలుగు వదిలిపెట్టి, నాకు తెలిసిన ఆడవాళ్ళ పేర్లన్నీ వరసగా రాశాను. ఒక చోట ఖాళీ వదిలి, పక్కన 'డ్యామవ్వ, రాళ్ళు మోసింది' అని రాశాను. మా పెద్దమామయ్య దగ్గర నుంచి ఫోన్ ఇంకా రాలేదు.